వేల్స్‌ను కాలినడకన చూపించండి

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్ యాత్రల గురించి మన పత్రికల్లో వచ్చే వ్యాసాలలో వేల్స్‌కు దక్కేది తరచుగా ఒక కోట బొమ్మ, ఒక పేరా మాత్రమే. చదువు కోసమో, అక్కడ స్థిరపడిన పిల్లలను చూడడానికో వెళ్లే తెలుగువారు ఏటా ఎందరో ఉన్నారు కనుక, మీ యాత్రా పేజీలలో వేల్స్ కాలిబాటల గురించి వివరంగా రాయించవలసిందిగా కోరుతున్నాను.

కోటలు మాత్రమే చూసి వస్తే మనకు తెలిసేది గెలిచిన రాజు చరిత్రే. వేల్స్‌ను గెలిచిన ఇంగ్లండ్ రాజు ఒకటవ ఎడ్వర్డ్ 1283–87 మధ్య కట్టించిన కాన్వీ పట్టణపు ప్రాకారం 21 బురుజులతో, దాదాపు 1.3 కిలోమీటర్ల పొడవున నేటికీ నిలిచి ఉంది. దానిలో చాలా భాగం మీద నడవవచ్చు. అయితే అది ఆంగ్లేయులను తెచ్చి నిలపడానికి కట్టిన ఊరు. ఆంగ్లేయుల పాలనను ఎదిరించిన వేల్స్ నాయకుడు ఒవైన్ గ్లిన్‌డూర్ పేరు మీద నైటన్ నుంచి వెల్ష్‌పూల్ దాకా సుమారు 217 కిలోమీటర్ల బాట వేరే ఉంది. గొర్రెల మేత పొలాలు, గుట్టలు దాటుతూ సాగే ఆ బాట, 1404లో ఆయన పార్లమెంటు జరిపిన మాహున్‌లెత్ మీదుగా వెళుతుంది. ఈ రెండు నడకలూ కలిపి చేసినవారికే ఆ దేశ చరిత్ర రెండు వైపులా తెలుస్తుందని నా అభిప్రాయం.

శ్రామికుల చరిత్ర కూడా బాటల వెంటే ఉంది. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన వాయవ్య వేల్స్ పలకరాతి గనుల ప్రాంతాన్ని చుట్టివచ్చే బాట బెథెస్డా గుండా పోతుంది. 1900 నుంచి 1903 వరకు పెన్రిన్ గని కార్మికులు సమ్మె చేసినప్పుడు, పనిలోకి తిరిగి వెళ్లనివారు ‘ఈ ఇంట్లో ద్రోహి లేడు’ అన్న కాగితాలను కిటికీలకు అంటించుకున్న ఊరది. ఇక 1805లో పూర్తయిన పోంట్‌కసుల్తె కాలువ వంతెన లోయకు 38 మీటర్ల ఎత్తున, 307 మీటర్ల పొడవున పడవలను మోస్తుంది. నడిచే వైపు కమ్మీలున్నాయి, నీటికి అవతలి అంచున అవీ లేవు. ఆ వంతెన మీద నడిచినవారు టెల్ఫర్డ్ అనే ఇంజినీరు సాహసాన్ని ఎన్నటికీ మరచిపోలేరు.

ఈ బాటలు ఇంతగా నిలవడానికి చట్టం ప్రధాన కారణం. 1949 నాటి చట్టంతో మొదలుకొని స్థానిక అధికారులు ప్రజల నడక దారులను అధికారిక పటాలలో నమోదు చేస్తారు. ఆ దారి ప్రైవేటు పొలంలో ఉన్నా యజమాని దానిని మూసివేయరాదు, దున్నితే మళ్లీ నడవడానికి వీలుగా సరిచేయాలి. బదులుగా నడిచేవారు గేట్లను ఉన్నవి ఉన్నట్లే వదలాలి, గొర్రెలను బెదరగొట్టకూడదు. 2012 మే 5న ప్రారంభమైన, దాదాపు 1,400 కిలోమీటర్ల వేల్స్ తీరబాట ప్రభుత్వ పూనికతో వచ్చిందే. అయినా దానిని మొత్తం నడవనక్కరలేదు. పెంబ్రోక్‌షైర్ కొండచరియల మీద ఒక పూట నడక చాలు.

వ్యాసంతో పాటు పటం, దగ్గరి రైల్వే స్టేషన్ల వివరాలు కూడా ముద్రించండి. తీరబాట దక్షిణపు కొసన ఉన్న చెప్‌స్టోకు, అలాగే నైటన్, మాహున్‌లెత్, వెల్ష్‌పూల్, కాన్వీలకు రైలులోనే చేరుకోవచ్చు. పల్లె బస్సులు తక్కువ కనుక వాటి వేళలు ముందే చూసుకోవాలని కూడా తప్పక రాయించండి.

ఇట్లు,
మీ పాఠకురాలు