రాత్రి డ్యూటీలో రాసే నాలుగు లైన్లు

చిరంజీవి మాధవికి,

అమ్మ ఆశీస్సులు. నాన్న కూడా నిన్ను అడిగానని చెప్పమన్నారు.

నిన్న ఫోన్లో నీ గొంతు వింటేనే తెలిసిపోయింది, రాత్రంతా నువ్వు నిద్రపోలేదని. మీ సైకియాట్రీ వార్డులో, కల్లు ఆగిపోయి వచ్చిన ఆ పెద్దాయన్ని మంచానికి కట్టేశారని, పొద్దున విప్పేసరికి మణికట్లు కమిలిపోయి ఉన్నాయని చెప్పావు. "స్టాఫ్ లేరు కదా, ఇక్కడంతా ఇంతే" అని మీ సీనియర్ అంటే ఏం చెప్పాలో తోచలేదన్నావు. ఇలాంటివి ఫోన్లో సగం సగం మాట్లాడి వదిలేసేవి కావు. నర్సుగా నా సర్వీసంతా సైకియాట్రీ వార్డుల్లోనే గడిచింది కాబట్టి, నాకు తెలిసింది తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఆ పెద్దాయన సంగతి. కల్లు కాంపౌండ్లలో అమ్మే కల్తీ కల్లులో ఆల్ప్రజోలం, డయాజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారని నీకు తెలుసు. ఏళ్ల తరబడి రోజూ తాగినవాడికి అది ఒక్కసారిగా ఆగితే ఒళ్లంతా వణుకు, ఫిట్స్, గోడల మీద పురుగులు పాకుతున్నట్టు కనబడడం. తానున్నది ఇల్లో ఆసుపత్రో కూడా తెలియదు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూసేసినప్పుడు హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి జనం ఎలా వచ్చి పడ్డారో అప్పట్లో టీవీలన్నీ చూపించాయి. అలాంటి మనిషి మంచం దిగి పరుగెత్తబోయాడంటే జబ్బు పరుగెత్తిస్తోందని అర్థం. కట్టేస్తే భయం ఇంకా పెరుగుతుంది, పెనుగులాడతాడు, ఒంట్లో నీరు తగ్గిపోతుంది. ఎక్కువసేపు కదలకుండా ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు. వెల్లకిలా కట్టి ఉన్నప్పుడు వాంతి అయితే ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మందు డోసు సరిగ్గా పడిందా, థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చారా, నీళ్లు తాగుతున్నాడా అనేవి చూడకుండా గుడ్డ తీసుకురమ్మనడం వైద్యం అనిపించుకోదు.

నా వార్డులో ఒక ముసలాయన ఉండేవాడు. రాత్రయితే కేకలు, కాళ్లు విదిలించడం. రెండు రాత్రులు కట్టారు. మూడో రాత్రి ఒక ఆయమ్మ పక్కన కూర్చుని చూసి, "ఊరికే పొట్ట కింద పట్టుకుంటున్నాడు సిస్టర్" అంది. చెయ్యి పెట్టి చూస్తే పొత్తికడుపు రాయిలా ఉంది. మూత్రం బిగుసుకుపోయింది. వేసుకుంటున్న మందుల వల్ల అలా అవుతుందని నీకు చెప్పక్కర్లేదు. గొట్టం వేశాక పావుగంటలో నిద్రపోయాడు. అందుకే అంటున్నా, ఎవరైనా గోల చేస్తున్నారని నీకు ఫోన్ వస్తే లేచి వెళ్లి మనిషిని చూడు. దాహమా, నొప్పా, బాత్రూమ్‌కు వెళ్లాలా, భయమా, ముందు అడుగు. మాట తడబడుతున్నా అడిగితే చెబుతారు.

ఇక మీ సీనియర్ మాట. స్టాఫ్ లేరన్నది అబద్ధమేమీ కాదు. వార్డు నిండా పేషెంట్లుంటే ఒక్క నర్సు, ఒక్క ఆయమ్మ రాత్రంతా ఎలా నెట్టుకొస్తారో, ఆ టెన్షన్ ఏమిటో నాకు తెలుసు. వాళ్ల మీద మాత్రం కోప్పడకు. కానీ ఆ కొరత సంగతి 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాసినవాళ్లకూ తెలుసు. తెలిసే సెక్షన్ 97లో స్పష్టంగా రాశారు: సిబ్బంది తక్కువన్న కారణంతో కట్టకూడదు, శిక్షగానూ కట్టకూడదు. తనకో పక్కవాళ్లకో అప్పటికప్పుడు హాని జరగబోతుంటే, ఆపడానికి వేరే దారి లేకపోతే, అదీ ఆ పేషెంట్ వైద్యం బాధ్యత చూసే సైకియాట్రిస్టు ఒప్పుకుంటేనే, ఎంత తప్పనిసరో అంతసేపే కట్టాలి. ఒంటరి గదిలో పెట్టి తాళం వెయ్యడం అసలే కుదరదు. ఎలా కట్టారు, ఎందుకు, ఎంతసేపు అన్నది కేస్ షీట్‌లో రాయాలి. 24 గంటల్లోగా పేషెంట్ తరఫు ప్రతినిధికి చెప్పాలి. ఆ వివరాలు నెలనెలా, పేషెంట్ల హక్కులు చూసే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డుకు వెళ్లాలి. గొలుసులైతే ఏ రూపంలోనూ వాడకూడదని సెక్షన్ 95లో ఉంది.

గొలుసుల గురించి చట్టంలో విడిగా ఎందుకు రాయాల్సి వచ్చిందో నువ్వు మర్చిపోకూడదు. తమిళనాడులో రామనాథపురం జిల్లా ఏర్వాడి. అక్కడి దర్గాకు తీసుకెళ్తే నయమవుతుందని నమ్మి జనం తమవాళ్లను తీసుకెళ్లేవారు. దర్గా చుట్టూ ప్రైవేటు హోములు వెలిశాయి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక హోములో పాకకు నిప్పంటుకుంది. లోపలివాళ్లు గొలుసులతో కట్టేసి ఉన్నారు. 28 మంది చనిపోయారు. ఆ వార్త పేపర్లో చదివిన రోజు మా వార్డులో ఎవరికీ మాట రాలేదు. పారిపోతారేమోనని వేసిన గొలుసులే పారిపోవాల్సిన ఒక్కరోజున వాళ్లను కదలనివ్వలేదు. తర్వాత అక్కడి హోములు మూయించారు, సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. కొత్త చట్టం అమల్లోకి వచ్చింది మాత్రం 2018లో.

నీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇప్పుడు చెబుతున్నాను. నీ వార్డులో కట్టిన ప్రతిసారీ ఉన్నది ఉన్నట్టు రాయి. "రాత్రి పేషెంట్ చికాకుగా ఉన్నారు, తర్వాత నిద్రపోయారు" అని గీకేసి వదిలేసే కేస్ షీట్లు నేను చాలా చూశాను. ఆ ఒక్క లైను వెనక ఏడెనిమిది గంటల కట్లు ఉంటాయి. ఇలా రాయాలి: "రాత్రి 11.40కి రెండు చేతులు మెత్తని గుడ్డతో కట్టాం. పక్క మంచం పేషెంట్‌ను కొట్టబోయారు, మాటతోనూ ఇంజెక్షన్‌తోనూ తగ్గలేదు. ఫలానా డాక్టర్‌కు చెప్పి అనుమతి తీసుకున్నాం. 12.10కి నీళ్లు తాగించాం, నాడి, వేళ్ల రంగు చూశాం. 12.50కి విప్పాం. డ్యూటీలో నర్సు ఒక్కరే." ఆ చివరి మాట మర్చిపోకు. స్టాఫ్ లేక కట్టాల్సి వస్తే ఆ మాటే రాయి. అది తప్పని చట్టం అంటోంది కాబట్టే రాయమంటున్నాను. కాగితం మీద వార్డు ప్రశాంతంగా కనబడినంత కాలం పైవాళ్లు ఒక్క పోస్టు కూడా ఇవ్వరు. నెల రిపోర్టులో అదే కారణం పదేపదే కనబడితే సూపరింటెండెంట్ జవాబు చెప్పుకోవాలి, బోర్డు అడగాలి. నర్సులు మొదట్లో భయపడతారు, తమ మీదకు వస్తుందని. కిందన నీ సంతకం కూడా పెట్టు. అప్పుడు వాళ్లూ రాస్తారు.

కట్టడం ఒక్కటే కాదు. వార్డు బాగోగులు తెలుసుకోవాలంటే రౌండ్స్‌లో చూస్తే సరిపోదు, ఆడవాళ్ల వార్డు స్నానాల వేళ వెళ్లి చూడు. తలుపుకు గడియ ఉందా? మారు బట్టలున్నాయా? నెలసరి వచ్చినామె ప్యాడ్ కోసం పదిమందిలో అరిచి అడుక్కోవాల్సి వస్తోందా? సెక్షన్ 20 చదివితే నీకే ఆశ్చర్యం వేస్తుంది, ఇవన్నీ అందులో ఉన్నాయి. బలవంతంగా గుండు చెయ్యకూడదని ఉంది. కావాలంటే సొంత బట్టలు వేసుకోవచ్చని ఉంది. పని చేయిస్తే డబ్బివ్వాలని, ఇష్టం లేకపోతే చేయించకూడదని ఉంది. తిరుపతిలో మొక్కుకుని తలనీలాలిచ్చే మనిషి సంతోషం వేరు. పేలు పడ్డాయని నలుగురు పట్టుకుని గుండు కొడితే ఆ ఆడమనిషికి ఎలా ఉంటుందో ఆలోచించు. నా వార్డులో ఒకామెకు నడుం దాకా జుట్టు. పేలు నిజమే. గుండు చేసేద్దామన్నారు. మందు రాసి, కొబ్బరినూనె పెట్టి, పేల దువ్వెనతో రోజూ అరగంట దువ్వితే తగ్గిపోయాయి. అప్పటిదాకా పెదవి విప్పని మనిషి, దువ్వుతుంటే, వాళ్లమ్మ జడ ఎలా వేసేదో చెప్పడం మొదలుపెట్టింది. కేస్ హిస్టరీలో మాకు లేని వివరాలు సగం ఆ దువ్వెన దగ్గరే దొరికాయి.

ఇంకొకటి. పేషెంట్ ఎదురుగా కూర్చుని ఉంటే వాళ్లన్నయ్యతో "ఈయన ఎలా ఉంటున్నాడు?" అని అడిగే అలవాటు చేసుకోకు. "మీకెలా ఉందండీ?" అని పేషెంట్‌నే అడుగు. ఏం జబ్బో, ఏ మాత్ర ఎందుకో, దానివల్ల చేతులు వణకడం, నోట్లో చొంగ, బరువు పెరగడం లాంటివి వస్తాయేమో వాళ్లకర్థమయ్యే తెలుగులో చెప్పు. అది తెలుసుకునే హక్కు వాళ్లకుంది, రికార్డులు చూసే హక్కూ ఉంది. ఫోన్ చేసుకోవడం, వచ్చినవాళ్లను కలవడం, ఇష్టంలేకపోతే కలవననడం కూడా వాళ్ల హక్కే. షాక్ ట్రీట్‌మెంట్ విషయం నీకు తెలిసిందే: మత్తు, కండరాలు వదులయ్యే మందు లేకుండా ఇవ్వకూడదు. నలుగురం భుజాలు, నడుము అదిమిపట్టుకున్న రోజులు నేను చూశాను. అవి మళ్లీ రాకూడదు.

అడ్మిషన్ వేళ కాగితాలు నిదానంగా చూడు. తీసుకొచ్చినవాళ్ల కన్నీళ్లు చాలాసార్లు నిజమైనవే, వాళ్లూ అలసిపోయి ఉంటారు. అయినా భూమి తగాదాలో తమ్ముణ్ని తెచ్చి పడేసే అన్నలూ ఉంటారు. తనకు ఇష్టం లేకుండా చేర్చుకుంటే మొదట 30 రోజులకు మించి ఉంచడానికి లేదు. ఆడవాళ్లయినా, మైనర్లయినా 3 రోజుల్లో, మిగతావాళ్లయితే 7 రోజుల్లో బోర్డుకు తెలియజెయ్యాలి. నన్నెందుకు చేర్చారని బోర్డుకు అర్జీ పెట్టుకోవచ్చని, ఉచితంగా లాయర్ సాయం దొరుకుతుందని పేషెంట్‌కు చెప్పాల్సింది మనమే. చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?

జబ్బు తగ్గినా వార్డులోనే ఉండిపోయినవాళ్లు మీ దగ్గరా ఉంటారు. అడ్రస్ తప్పు, ఫోన్ ఎత్తరు, ఎత్తినా "మీ దగ్గరే ఉంచండి, డబ్బు పంపుతాం" అంటారు. ఇల్లు కాదన్నా, తీసుకెళ్లేవాళ్లు లేకపోయినా, అందుకని ఆసుపత్రిలో ఉంచెయ్యకూడదని సెక్షన్ 19 చెబుతోంది. అలాంటివాళ్ల కోసం హాఫ్‌వే హోములు, అంటే ఆసుపత్రి బయట మామూలు బతుకుకు అలవాటుపడేదాకా ఉండే ఇళ్లు, పెట్టాల్సిన పని ప్రభుత్వానిది. ఈ నెలలో నువ్వు కూర్చుని అలాంటివాళ్ల లిస్టు తయారుచెయ్యి: ఎప్పుడొచ్చారు, చివరిసారి డాక్టర్ ఏం రాశారు, ఊరు పేరు ఏం చెబుతున్నారు. ఊరి పేరు చెబితే చాలు, నలభై ఏళ్ల కిందటిదైనా పంచాయతీ ఆఫీసుకు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. లిస్టు అయ్యాక నాకు చెప్పు. మీ సోషల్ వర్కర్‌ను కూడా పిలు, బోర్డుకు పంపే ఉత్తరం ముగ్గురం కలిసి రాద్దాం.

వేళకు తిను.

నీ
అమ్మ