కంపెనీల సేవకు బడి క్యాలెండర్ కావాలి

ఎడిటర్ గారికి,

ఫిబ్రవరి సగం దాటితే చాలు, హైదరాబాద్ చుట్టుపక్కల సర్కారు బడుల హెడ్మాస్టర్లకు కంపెనీల నుంచి ఫోన్లు మొదలవుతాయి. 'అరవై మంది వాలంటీర్లతో వస్తాం సార్, ఒక్క రోజు ఇవ్వండి' అని. ఆ సమయానికి పదో తరగతి పిల్లలు ప్రీఫైనల్ రాస్తుంటారు. సార్లు, టీచర్లు సిలబస్ రివిజన్‌లో, పరీక్షల పనుల్లో మునిగి ఉంటారు. అయినా హెడ్మాస్టర్ కాదనలేరు. కాదంటే ఆ బెంచీలో, కంప్యూటర్లో పక్క ఊరి బడికి పోతాయి. బడి తెరిచే జూన్‌లో మాత్రం ఆ ఫోను మోగదు. ఉద్యోగుల సేవ, కంపెనీల దానం ఇచ్చేవాళ్ల క్యాలెండర్ ప్రకారమే ఎందుకు నడవాలన్నదే ఈ ఉత్తరం.

మార్చి హడావుడికి చట్టమే కారణమని కంపెనీల్లో చాలామంది నమ్ముతారు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి అందుకున్నా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతాన్ని సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) కింద ఖర్చు చేయాలి. లెక్క మార్చి 31తో ముగుస్తుంది. అయితే ఆలోగా ఖర్చు కాలేదని ఎవరూ జరిమానా వేయరు. 2021 జనవరి నుంచి అమల్లో ఉన్న పద్ధతిలో, బోర్డు ఒక పనిని కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదిస్తే మిగిలిన డబ్బును ఏప్రిల్ 30 లోపు బ్యాంకులో విడి ఖాతాకు మార్చి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఖర్చు పెట్టుకోవచ్చు. ఒక ఏడాది ఎక్కువ ఖర్చయితే ఆ మేరకు తర్వాతి మూడేళ్ల లెక్కలో సర్దుకోనూవచ్చు. కొనసాగే ప్రాజెక్టు కాని పనికి మిగిలితేనే ఆరు నెలల్లో, అంటే సెప్టెంబరు 30 లోపు, ప్రధానమంత్రి సహాయనిధి వంటి, ఆ చట్టం షెడ్యూల్ 7లో పేర్కొన్న నిధికి పంపాలి. జరిమానా ఈ బదిలీలు చేయనప్పుడే. కాబట్టి బడి పనిని మొదటి నుంచే మూడేళ్ల ప్రాజెక్టుగా బోర్డు తీర్మానంలో రాయించుకుంటే మార్చిలో పరుగెత్తే పనే లేదు. డబ్బు మిగిలాక, ఆఖరి వారంలో దానికి 'కొనసాగే' అనే పేరు తగిలిస్తే మాత్రం ఆడిటర్ ఒప్పుకోరు.

వాలంటీర్ల గంటలను రూపాయల్లోకి మార్చి ఈ 2 శాతంలో చూపించాలని కొన్ని కంపెనీల ఆశ. అది కుదరదని కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టులోనే స్పష్టంగా చెప్పింది. ఉద్యోగులు పాల్గొనడం మంచిదే, వాళ్ల ఉచిత సేవకు విలువ కట్టి ఖర్చుగా చూపడం మాత్రం చెల్లదు. పాత కంప్యూటర్లు ఇచ్చి వాటి ధర రాసుకోవడమూ అంతే. మారథాన్లు, అవార్డుల వంటి ఒక్కరోజు కార్యక్రమాలు లెక్కలోకి రావని 2014 జూన్ సర్క్యులరే చెప్పింది. టీషర్టులు, బస్సులు, బిర్యానీ ప్యాకెట్లు కంపెనీ సొంత ఖర్చు. వాటిని బడి ప్రాజెక్టు పద్దులో కలిపారంటే పిల్లలకు చేరాల్సింది ఆ మేరకు తగ్గినట్టే. గంటలకు లెక్కల్లో విలువ లేదు కదా అని చిన్నబోనక్కర్లేదు. లెక్క కోసం కాదు గనక ఆ గంటల్ని బడికి ఎప్పుడు కావాలో అప్పుడే ఇవ్వవచ్చు.

ఇప్పుడు ఎక్కువగా జరుగుతున్నది గోడలకు రంగులు వేయడం. ఫొటో బాగా వస్తుంది. రెండో వానాకాలానికి పెచ్చులూడుతుంది. రంగు నాసిరకమని పెయింట్ కంపెనీని తిడతారు గాని లోపం అక్కడ లేదు. స్లాబ్ మీద నీరు నిలిచి గోడలోకి దిగుతున్నప్పుడు పైన ఎంత ఖరీదైన ఎమల్షన్ వేసినా నిలవదు. ముందు స్లాబ్ పగుళ్లు పూడ్చాలి, నీళ్లు పోయే గొట్టాల్లో ఆకులు, చెత్త తీయాలి, గోడ ఆరనివ్వాలి. ఆ తర్వాత పాత సున్నం పొరలు గీకి, ప్రైమర్ వేసి, అది ఆరాక రెండు కోటింగులు వేయాలి. ఉదయం పదికి వచ్చి నాలుగింటికి వెళ్లిపోయే అరవై మంది వల్ల ఇది కాదు. గీకుడు, ప్రైమర్, మొదటి కోటింగు పని తెలిసిన పెయింటర్లకు కూలి ఇచ్చి వారం ముందే చేయించాలి. ఆఖరి కోటింగు, బొమ్మలు వాలంటీర్లకు వదలాలి. బొమ్మలంటే గుర్తొచ్చింది: ఎక్కాలు, అక్షరాలు పెద్దవాళ్ల కళ్లెత్తులో రాస్తారు. ఒకటో తరగతి పిల్ల వేలు పెట్టి చదవాలంటే అవి మూడడుగుల ఎత్తు దాటకూడదు. ఒత్తులు, గుణింతాలు తప్పు లేకుండా ఉన్నాయో లేదో తెలుగు టీచర్ చూశాకే రంగు ముట్టుకోవాలి. గోడ మీద తప్పు అక్షరం ఐదారేళ్లు పిల్లలకు పాఠం చెబుతుంది.

తాగునీటి ఆర్వో ప్లాంటుదీ క్యాలెండర్ చిక్కే. ఏప్రిల్ ఆఖరులో బడి మూస్తే జూన్ 12 దాకా తెరవరు. ఆ ఏడు వారాలూ మెంబ్రేన్లో, ట్యాంకులో నీళ్లు కదలకుండా నిలిచి పాచి పడుతుంది. జూన్‌లో మోటారు వేయగానే నీచు వాసన. పిల్లలు తాగరు, ప్లాంటుకు తాళం పడుతుంది. సెలవులకు ముందు ప్లాంటు ఖాళీ చేయించడం, తెరిచే వారం ముందు శుభ్రం చేయించి కార్ట్రిడ్జ్‌లు మార్పించడం, నీళ్లు పరీక్ష చేయించడం, ఇవి ఒప్పందంలో రాసి ఉండాలి. మెయింటెనెన్స్ డబ్బు కనీసం మూడేళ్లకు సరిపడా ప్రాజెక్టు ఖర్చులోనే పెట్టాలి. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి సమగ్ర శిక్ష పథకం కింద ఏడాదికి వచ్చే కాంపోజిట్ గ్రాంటు 25,000 రూపాయలు. సుద్దముక్కల నుంచి చీపుర్ల దాకా అందులోనే. ప్లాంటు రిపేరు దాని మీద వేస్తే హెడ్మాస్టర్ ఏం చేయగలరు?

మరి ఉద్యోగుల గంటలు ఎక్కడ పెట్టాలి? మా అభిప్రాయంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చేది, అతి తక్కువ కంపెనీలు పట్టించుకునేది, ఎనిమిదో తరగతి పిల్లలు కేంద్ర స్కాలర్‌షిప్ కోసం రాసే ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష. ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల్లో చదువుతూ, ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు మించని పిల్లలు రాయవచ్చు. ఏడో తరగతిలో 55 శాతం మార్కులుండాలి, ఎస్సీ, ఎస్టీలకు 5 శాతం సడలింపు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000, నాలుగేళ్లకు 48,000 రూపాయలు. ప్రభుత్వ గురుకులాలు, నవోదయ, కేంద్రీయ విద్యాలయాల పిల్లలకు ఇది వర్తించదు గనక కంపెనీ ముందు మామూలు జిల్లా పరిషత్ హైస్కూళ్లనే ఎంచుకోవాలి.

పరీక్షలో రెండు భాగాలు, ఒక్కొక్కటి 90 మార్కులు: పాఠాల మీద శాట్, తర్కం మీద మ్యాట్. శాట్‌లో సైన్స్, సోషల్, లెక్కలు. వాటిని బడి టీచర్లే చెబుతారు. పిల్లలు తడబడేది మ్యాట్‌లో. 3, 7, 15, 31 తర్వాత ఏమొస్తుంది లాంటి ప్రశ్నలు, అద్దంలో బొమ్మలు, అక్షరాల సంకేతాలు (కోడింగ్), దిక్కులు. క్యాంపస్ ఇంటర్వ్యూల కోసం ఇలాంటివి వందల కొద్దీ చేసి వచ్చినవాళ్లే మన సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. 63 అని జవాబు చెప్పేస్తే పిల్లకు ఏమీ రాదు. 'రెట్టింపు చేసి ఒకటి కలుపు' అన్న దారి పిల్లే కనిపెట్టేలా ఇంకో రెండు వరసలు ఇవ్వాలి, అదీ తెలుగులో. పైగా వీళ్లకు శనివారం సెలవు, రెండో శనివారం తప్ప బడికి పనిదినం. జులై నుంచి పరీక్ష దాకా, ఒక్కో బడికి అవే నలుగురు, ఒక్కొక్కరికి ఎనిమిది పది మంది పిల్లలు, శనివారం గంటన్నర. ప్రతి వారం కొత్త ముఖాలు వస్తే మొదటి అరగంట పేర్లు అడగడానికే పోతుంది. అరవై మంది ఒక్క రోజు కంటే నలుగురు పదిహేను శనివారాలు నయం. ఆ అరవై మందినే విడదీస్తే పదిహేను బడులకు సరిపోతారు.

పాఠం చెప్పడం కంటే దరఖాస్తు దగ్గరే ఎక్కువమంది జారిపోతారు. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ చుట్టూ తిరగాలంటే తల్లికి ఒక రోజు కూలి పోతుంది. ఆధార్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, బడి రిజిస్టరులో పూర్తిగా, బ్యాంకు పాసుబుక్కులో అసలు లేకుండా ఉంటుంది. పరీక్ష నెగ్గిన పిల్లకూ ఈ తేడా వల్ల డబ్బు పడదు. దరఖాస్తు గడువు దాకా ఆగకుండా జులైలోనే మూడు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూడటం, తప్పుంటే సరిచేయించడం, ఖాతాకు ఆధార్ లింకు అయిందో లేదో కనుక్కోవడం కూడా వాలంటీరు పనే. తర్వాత నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్లో ఏటా రెన్యువల్ చేయాలి. తొమ్మిదిలో వచ్చి పదిలో ఆగిపోయిన స్కాలర్‌షిప్పులు చాలావరకు ఇక్కడ పోయినవే.

బడిలోకి వెళ్లే ముందు విద్యాశాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. టీచర్ లేని గదిలో వాలంటీరు ఒంటరిగా పిల్లలతో ఉండకూడదు. పిల్లల ముఖాలు సోషల్ మీడియాలో పెట్టకూడదు, ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకోకూడదు. ఇందులో బేరం లేదు.

రక్తదానం సంగతి క్లుప్తంగా. జూన్ 14న (ప్రపంచ రక్తదాతల దినం), అక్టోబరు 1న (జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం), కంపెనీ వార్షికోత్సవం నాడు శిబిరాలు పోటీపడి పెడతారు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవవు, ఎర్రకణాలు 35 నుంచి 42 రోజులు. ఒకే రోజు మూడు వందల మంది ఇస్తే ఎండాకాలంలో కాలేజీలు మూసి కొరత వచ్చేనాటికి ఏమీ మిగలదు. తలసేమియా పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. మగవాళ్లు 90 రోజులకు, ఆడవాళ్లు 120 రోజులకు మళ్లీ ఇవ్వవచ్చు గనక సిబ్బందిని నాలుగు జట్లు చేసి నెలకో జట్టును పంపండి. ఏప్రిల్, మే వంతు పెద్దదిగా ఉండాలి. తేదీ బ్లడ్‌బ్యాంకును అడిగి పెట్టుకోండి.

ఇక జీతం నుంచి ఇచ్చే విరాళం. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను, మున్నేరు ఖమ్మాన్ని ముంచినప్పుడు 'ఒకరోజు జీతం' పిలుపులు చాలాచోట్ల వచ్చాయి. మనసు మంచిదే, నడిపే తీరులోనే లోపాలు. 'అభ్యంతరం ఉన్నవాళ్లు రేపటిలోగా మెయిల్ చేయండి' అనడం సమ్మతి కాదు. ఇస్తానన్నవాళ్ల దగ్గరే రాతపూర్వకంగా తీసుకోవాలి. ఇవ్వనివాళ్ల జాబితా మేనేజర్లకు చేరకూడదు. ఒకరోజు జీతమంటే బేసిక్ మీదా, మొత్తం మీదా, నెల జీతాన్ని 30 రోజులతో భాగిస్తారా 26 పనిదినాలతోనా, ముందే చెప్పాలి.

విరాళం కంపెనీ పేరుతో ఒకే చెక్కుగా స్వచ్ఛంద సంస్థకు వెళితే దాత కంపెనీ అవుతుంది, ఉద్యోగి కాదు. ఏ ఉద్యోగి ఎంత ఇచ్చారో పాన్ నంబరుతో సహా జాబితా వెంట పంపాలి. సంస్థ ఆ వివరాలతో మే 31 లోపు ఆదాయపు పన్ను శాఖకు ఫారం 10బీడీ దాఖలు చేస్తేనే ఒక్కొక్కరికీ 10బీఈ ధ్రువపత్రం వస్తుంది. అది లేకుండా, 1961 ఆదాయపు పన్ను చట్టంలో విరాళాలకు పన్ను తగ్గించే 80జి మినహాయింపు నిలవదు. ముఖ్యమంత్రి సహాయనిధికి ఇచ్చినదానికి నూరు శాతం మినహాయింపు. మామూలు సంస్థలకైతే సగమే, దానికీ పరిమితి ఉంది. ఇదంతా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానం ఎంచుకున్న ఉద్యోగికి 80జి లేదు. 'పన్ను కలిసొస్తుంది' అని అందరికీ ఒకే మెయిల్ పంపే హెచ్ఆర్ విభాగాలు ఈ ముక్క కూడా రాయాలి. రెండు వేలకు మించిన నగదుకు, బట్టలు, బియ్యం వంటి వస్తువులకు ఏ విధానంలోనూ రాదు.

ఉద్యోగులు ఇచ్చినంత తామూ ఇస్తామని చెప్పే కంపెనీలు తమ వాటాను మాత్రమే సామాజిక బాధ్యత ఖర్చులో చూపాలి, ఉద్యోగుల వాటాను కలపకూడదు. డబ్బు తీసుకునే సంస్థకు 80జి నమోదు ఉంటే చాలదు, కంపెనీ వాటాకు, సీఎస్ఆర్ పనులు చేసే సంస్థగా కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదైన సీఎస్ఆర్-1 నంబరు కూడా కావాలి. మార్చి జీతంలో కోసిన డబ్బును ఏప్రిల్ రెండో వారంలో పంపితే రసీదు వచ్చే ఏడాది లెక్కలోకి పోతుంది, ఉద్యోగి పన్ను రిటర్నుకూ, జీతం, పన్ను వివరాలతో కంపెనీ ఇచ్చే ఫారం 16కూ పొంతన కుదరదు. జీతం పడిన రోజే బదిలీ అయ్యేలా పేరోల్ వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ఏటా ఒకసారి పెద్ద మొత్తం కోసే బదులు నెలకు రెండు మూడు వందలు, ఎప్పుడైనా ఆపుకునే వీలుతో పెడితే ఎక్కువమంది ఉంటారు. అవతలి సంస్థకూ వచ్చే నెల ఎంతొస్తుందో తెలుస్తుంది కాబట్టి టీచరుకో, నర్సుకో జీతం ధైర్యంగా ఒప్పుకోగలదు.

ఇట్లు,
కంపెనీల సేవా కార్యక్రమాల నిర్వహణలో ఉన్న కొందరు ఉద్యోగులు,
హైదరాబాద్