మూడో ఏట మన పత్రిక: విశ్వావసు నామ సంవత్సర నివేదిక

సంఘ సభ్యులకు, పెద్దలకు నమస్కారం.

కార్యదర్శిగా ఈ నివేదిక చదవడం నాకిది రెండోసారి. పోయినేడు నేను చదివింది పండగల జాబితాలా ఉందని వెనక వరసలోంచి ఎవరో అన్నారు. నిజమే అన్నారు. అందుకే ఈసారి పండగలు ముందే ముగించేస్తాను. ఉగాది పచ్చడి, పంచాంగ శ్రవణం గ్రంథాలయం మేడమీద జరిగాయి. ఆగస్టు 29న గిడుగు వారి జయంతికి పిల్లల పద్యపఠనం పెడితే తాతలే ఎక్కువమంది లేచి పాడారు. కార్తీక వనభోజనాల్లో పులిహోర చాలలేదు, దానికి వంటవాళ్లు ఇప్పటికే తగినన్ని మాటలు పడ్డారు. ఆదివారం తెలుగు బడి నడుస్తోంది. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు, వాటి ప్రతిని గ్రంథాలయం గోడకు అంటించాం.

ఇక మిగిలిందంతా మన సంఘం ఇంగ్లీషులో తెస్తున్న గ్రామీణ సమాజశాస్త్ర పరిశోధన పత్రిక సంగతే. పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, బరంపురంలో తెలుగు సంఘం పెట్టుకున్నది పండగలకూ పెళ్లి సంబంధాలకూ గానీ ఇంగ్లీషులో గ్రామీణ సమాజశాస్త్రం అచ్చు వెయ్యడానికా, అది యూనివర్సిటీ వాళ్లు చూసుకోరా అని అడిగారు. ఆ రోజు సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఏడాది ఆలస్యంగా ఇప్పుడు చెబుతున్నాను.

ఈ శాస్త్రానికి పత్రికలు మరీ పాతవేం కావు. అమెరికాలో ‘రూరల్ సోషియాలజీ’ మొదలైంది 1936లో. ఐరోపా వాళ్ల ‘సోషియోలోజియా రూరాలిస్’ 1960లోను, ‘జర్నల్ ఆఫ్ పెజెంట్ స్టడీస్’ 1973లోను, ‘జర్నల్ ఆఫ్ రూరల్ స్టడీస్’ 1985లోను వచ్చాయి. మన దేశంలో ఇండియన్ సోషియలాజికల్ సొసైటీ 1951లో ఏర్పడి, మరుసటేడు నుంచి ‘సోషియలాజికల్ బులెటిన్’ తెస్తోంది. 1936 అనగానే మనకు గుర్తొచ్చేది వేరే. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమై, మద్రాసు కింద ఉన్న గంజాం, కోరాపుట్ ఇటు కలిశాయి. మన తాతలు ఇల్లు కదలకుండానే రాష్ట్రం మారారు. పర్లాకిమిడిని ఇటు కలపడం నచ్చక గిడుగు వారు రాజమండ్రి వెళ్లిపోయారు. అమెరికా పత్రికకూ దీనికీ ఏ సంబంధమూ లేదు. రెండూ ఒకే ఏడువి కదా అని మాత్రం మా సంపాదకుడు ప్రతి సభలోనూ చెబుతుంటారు, మీరూ ఇప్పటికి నాలుగైదుసార్లు వినే ఉంటారు.

మన చుట్టుపక్కల పల్లెల గురించి రాసినవాళ్లు లేకపోలేదు. వెరియర్ ఎల్విన్ గంజాం, కోరాపుట్ కొండల్లోని సవరల మీద రాసిన పెద్ద పుస్తకం 1955లో వచ్చింది. ఎఫ్. జి. బెయిలీ కొంధమాల్ ఊరొకటి చూసి కులమూ మార్కెట్టూ ఎలా కలబడ్డాయో రాశారు, అది 1957లో మాంచెస్టర్‌లో అచ్చయింది. రెండూ గొప్ప పుస్తకాలే. కానీ ఎవరి గురించి రాశారో వాళ్లు ఆ పేజీ చూసి, ఇది ఇలా కాదు బాబూ అనే వీలేది? వాళ్లకన్నా చాలా ముందే గిడుగు వారు నడిచింది దీనికి తిరగేసిన పద్ధతిలో. సవరలను ఇంట్లో పెట్టుకుని వాళ్ల నోటి మాటే పాఠంగా సవర నేర్చుకున్నారు. మూడేళ్ల కిందట ఈ పత్రిక మొదలుపెట్టినప్పుడు మా మనసులో ఉన్నది ఆ పద్ధతే. రాసిన కాగితం రాయబడినవాళ్ల చేతికి ఒక్క బస్సు దూరంలో ఉండాలనుకున్నాం. మొదటి రెండేళ్లు ఆ ఊసు సంపాదకీయంలోనే ఉండిపోయింది. అది పనిలోకి దిగింది ఈ ఏడే, అదీ ఒక తప్పు జరిగాక.

గంజాం తీరం పొడవునా తెలుగు మాట్లాడే జాలరిపేటలున్నాయి. ఒడియావాళ్లు వాళ్లను నోళియాలంటారు. ఈ ఏడు మొదటి సంచికలో అలివి వల వేట మీద ఒక వ్యాసం వేశాం. వల తాడు ఒక కొస గట్టున ఉంచి, పడవ అర్ధచంద్రంగా తిరిగి రెండో కొస గట్టుకు తెస్తే, రెండు గుంపులు రెండు తాళ్లూ లాగుతాయి. ఆ లాగేవాళ్లను వ్యాసంలో కూలీలన్నారు. పట్టికలో కూలి రేటుకని ఒక గడి కూడా పెట్టారు. రచయిత పేరు తెలియని ఇద్దరు ప్రొఫెసర్లు పరిశీలించి, చాలా బావుందన్నారు. మేమూ సంబరపడి వేసేశాం.

సంచిక వచ్చాక గ్రంథాలయంలో సాయంత్రం పూట తెలుగులో చదివి వినిపించాం. మన సభ్యుడొకరి మేనమామ, వేట మానేసిన ముసలాయన, మందు కొనుక్కోవడానికి బజారుకొచ్చి వానకు అక్కడ ఆగాడు. సగం విని నవ్వాడు. అలివి వల దగ్గర కూలి ఉండదు, పాలు, అంటే వాటా, ఉంటుందన్నాడు. వలకో పాలు, పడవకో పాలు, లాగిన చేతులకు పాళ్లు. చేప పడకపోతే ఎవరూ ఎవరికీ బాకీ లేరు. ఇంకోటీ అడిగాడు, గట్టున గంపలు పట్టుకుని బేరమాడే ఆడవాళ్లేరీ అని. వ్యాసం మొత్తానికి వాళ్లు ఒక్క వాక్యంలో ఉన్నారు.

కూలి, పాలు అన్న ఆ రెండు మాటల తేడాతో వ్యాసం వాదనంతా మారిపోయింది. వ్యాసకర్త కుర్రవాడు మంచివాడు. మొదట ముఖం ముడుచుకున్నా, తిరిగి పేటకు వెళ్లి పదిహేను రోజులుండి పట్టిక మళ్లీ కట్టాడు. సవరణను అట్టడుగున చిన్న అక్షరాల్లో పడేయకుండా రెండో సంచికలో మొదటి పేజీ నుంచే వేశాం. తప్పును అంత బాహాటంగా ఒప్పుకుంటే పత్రిక పరువేం కాను అని సంపాదకవర్గంలో ఇద్దరన్నారు. నా మటుకు నాకు ఈ మూడేళ్లలో మనం వేసినవాటిలో బాగా చదివించిన పేజీలవే.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాం. ఊరికి వెళ్లి రాసిన ఏ వ్యాసమైనా ప్రొఫెసర్ల పరిశీలన అయ్యాక, అచ్చుకు ముందు, దాని సారాంశం ఆ ఊళ్లో ఆ ఊరి భాషలో చదవాలి. మేం దీన్ని ఊరి చదువు అంటున్నాం. ఇందువల్లే రెండో సంచిక రెండు నెలలు ఆలస్యమైంది. ఆలస్యానికి క్షమాపణ అడగడం లేదు, కారణం చెబుతున్నానంతే.

ఊరి చదువుకు ఇంకో ముఖముంది. అది మనకే తగిలింది.

రాయగడ వైపు కొండ అంచు ఊళ్లలో అప్పుల మీద ఒక వ్యాసం వచ్చింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఒడిశాలో 1956 నాటి రెండో రెగ్యులేషన్ ఉంది. కాగితం మీద భూమి కదలదు. నోటిమాట తాకట్టులో పంట మాత్రం ఇంకొకరి గాదెకు చేరుతుంది. ఆ ఇంకొకరిలో మన భాష మాట్లాడే షావుకార్లూ ఉన్నారు. వ్యాసం ఎవరి పేరూ రాయలేదు. అయినా ఊరి చదువు రోజున సవరలు తలలూపారు, దుకాణాల వాళ్లు లేచి వెళ్లిపోయారు. ఆ పేరాలు తీసెయ్యమని మన సంఘం నుంచే ఒత్తిడి వచ్చింది. వ్యాసంలో తప్పుంటే చూపించండి, రుజువుతో దిద్దుతాం, తీసెయ్యడం మాత్రం కుదరదు అన్నాం. తప్పెవరూ చూపలేదు. వ్యాసం అచ్చులో పడింది. ఇద్దరు దాతలు ఈ ఏడు చందా ఆపేశారు, కోశాధికారి లెక్కలో ఆ లోటు మీకే కనబడుతుంది. వాళ్లు మళ్లీ వస్తే కుర్చీ వేస్తాం, పేరాలు మాత్రం అలాగే ఉంటాయి.

ఊరి పేర్ల గొడవ వేరు. పరిశోధకులు మామూలుగా ఊరి పేరు మార్చేస్తారు. ఎం. ఎన్. శ్రీనివాస్ మైసూరు దగ్గరి కొడగహళ్లిని ‘రాంపుర’ అన్నారు. ఎస్. సి. దూబే మాత్రం 1955 నాటి పుస్తకంలో హైదరాబాదు దగ్గరి శామీర్‌పేటను శామీర్‌పేటగానే రాశారు. మేం అప్పుల వ్యాసంలో పేరు మార్చాం, అది అవసరం కూడా. నేతపని వ్యాసానికొచ్చేసరికి నేతగాళ్లే, మా వీధి పేరు ఎందుకు మింగేశారని నిలదీశారు. పట్టు మాది, పేరు మాత్రం కల్పితమా అన్నారు. ఇక్కడి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర పెద్దరికం వాళ్ల చేతిలో ఉంది, వీధి పేరు దాచుకునేవాళ్లు కారు. వాళ్ల పేరు ఉంచాం. అన్నిటికీ ఒకటే సూత్రం కుదరదని సంపాదకవర్గం ఒప్పుకుంది, నాలుగు సమావేశాల తర్వాత.

రచయిత పేరు దాచి పరిశీలనకు పంపే పద్ధతీ మన దగ్గర సగమే పనిచేస్తోంది. గుణుపూరు సంతల మీద ఎవరైనా రాశారంటే, పేరు కొట్టేసినా పరిశీలకుడికి మనిషి తెలిసిపోతాడు. ఆ పని చేసేది ఒకరో ఇద్దరో. అందుకని ఒక పరిశీలకుడిని తప్పనిసరిగా దూరం నుంచి, ఈ ప్రాంతంతో పని లేనివారిని ఎంచుతున్నాం. కొందరు ఆరు వారాల్లో చక్కటి అభిప్రాయం పంపారు. ఒకరైతే ఒప్పుకుని ఏడు నెలలు ఉలకలేదు పలకలేదు.

ప్రతి వ్యాసానికీ తెలుగు, ఒడియా సారాంశాలు వేస్తున్నాం. ఆ పనిలోనే నాకు ఈ శాస్త్రం కాస్తంత అర్థమైంది. హౌస్‌హోల్డ్ అన్న మాటకు తెలుగులో ఏం రాయాలి? కుటుంబం అంటే చుట్టాలందరూ వచ్చేస్తారు. ఇల్లు అంటే గోడలే. జనగణన వాళ్లు ఒకే వంటగది అన్నం తినేవాళ్లను ఒక లెక్కగా తీసుకుంటారు. మన పల్లెల్లో కొడుకు వేరుపడితే గోడ లేవదు, వసారాలో ఇంకో పొయ్యి లేస్తుంది. అమ్మ మాత్రం రెండు పొయ్యిల దగ్గరా తింటుంది, ఆవిణ్ని ఎక్కడ రాయాలో జనగణనకూ తెలియదు. చివరికి తెలుగులో పొయ్యి అని, ఒడియాలో చులి అని వేశాం. సవరలో సారాంశం వెయ్యాలన్న మాట ఇంకా మాటగానే ఉంది.

కాగితాల పని త్వరగా చెప్పేస్తాను. ఐఎస్ఎస్ఎన్ అంటే సర్కారు గుర్తింపు అనుకునేవాళ్లు చాలామంది. అది పత్రికను గుర్తుపట్టే ఎనిమిది స్థానాల సంఖ్య, అంతే. నాణ్యతకు ముద్ర కాదు. అచ్చు ప్రతికొకటి, ఆన్‌లైన్ ప్రతికొకటి తీసుకోవాలి. ఢిల్లీలోని జాతీయ కేంద్రం పైసా తీసుకోకుండా ఇస్తుంది. చివరి స్థానం లెక్క సరిచూసుకునే అంకె, అది పది అయితే ఎక్స్ వేస్తారు. మన సంఖ్య చివర ఎక్స్ ఉంది. ప్రూఫులు దిద్దే మాస్టారు అది అచ్చుతప్పనుకుని కొట్టేశారు, అట్టలు మళ్లీ వేయించాల్సి వచ్చింది.

పత్రికల రిజిస్ట్రేషనుకని దరఖాస్తు కూడా సగం నింపాం. 1867 నాటి పాత చట్టం పోయి 2024 మార్చి 1 నుంచి కొత్తది అమల్లోకొచ్చిందనీ, శాస్త్ర, సాంకేతిక, విద్యా సంబంధమైన జర్నళ్లను అది పీరియాడికల్ నిర్వచనంలోంచి తప్పించిందనీ అప్పుడు తెలిసింది. సగం నింపిన కాగితం ఫైల్లో ఉంది.

యువ పరిశోధకులు మునుపు ఫోన్ చెయ్యగానే, యూజీసీ ఒప్పుకున్న పత్రికల ‘కేర్’ జాబితాలో ఉన్నారా అని అడిగి, లేమంటే పెట్టేసేవారు. 2019లో మొదలైన ఆ జాబితాను యూజీసీ ఆపేసినట్టు 2025 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చింది. పత్రిక మంచిచెడ్డలు ఇక విద్యాసంస్థలూ పరిశోధకులే చూసుకోవాలి. ఆ తర్వాత మనకు వచ్చే వ్యాసాలు పెరిగాయి. అందులో పొల్లూ పెరిగింది. ఎక్కడో కోసి ఇక్కడ అతికించినవి, ఊరి మొహం చూడకుండా ఊరి మీద రాసినవి తిప్పి పంపడానికే సంపాదకుడికి ఆదివారాలు చాలడం లేదు. డబ్బు కడితే వారంలో వేస్తామనే పత్రికలు బయట బోలెడున్నాయి. మనం రచయిత దగ్గరా పాఠకుడి దగ్గరా పైసా తీసుకోం. ఆన్‌లైన్ ప్రతి అందరికీ ఉచితమే, కెనడా వాళ్లు తయారుచేసి ఉచితంగా ఇచ్చే ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడుస్తోంది. ఒక్కో వ్యాసానికి శాశ్వత గుర్తుగా ఇచ్చే డీఓఐ సంఖ్యలకు ఏటా చందా కట్టాలి, దాతలు చందా ఆపేసిన ఏడు ఆ ఖర్చు వద్దనుకున్నాం. ఉచిత పత్రికల డైరెక్టరీ డీఓఏజేలో చేరాలంటే ఏడాదికి కనీసం ఐదు పరిశోధన వ్యాసాలు వెయ్యాలి. ఊరి చదువు పెట్టుకుని ఐదు వెయ్యడం మనకు అంచు మీద నడకే. ఐదు కోసం చదువు మానుకునేది లేదని తీర్మానించాం, అభ్యంతరముంటే ఈ సభలో చెప్పండి.

వచ్చే ఏడు మొదటి సంచిక సంతల మీద. రాయగడ, గుణుపూరు, పర్లాకిమిడి సంతల్లో కుంచం, అడ్డ, మానిక, సోల ఎంతెంత ఉండేవో, కొనేటప్పుడొకటీ అమ్మేటప్పుడొకటీ ఎలా వాడేవారో ఒక పరిశోధకురాలు రాస్తోంది. పాత కొలతపాత్రలు ఆమెకు చేతికి దొరకడం లేదు. మీ అటకల మీద అమ్మమ్మల నాటి కుంచాలు, సోలలు ఉంటే వచ్చే నెల మొదటి ఆదివారం పొద్దున గ్రంథాలయానికి తెండి. నీళ్లు పోసి కొలిచి, ఫొటో తీసి, సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తాం. అడుగు కొట్టి లోతు తగ్గించినవి ఉంటే అవీ తెండి, ఎవరివని అడగం.