బహువచనంలో అపాస్ట్రఫీ: మా ఖాతాదారులకు మనవి

బోర్డులు, కరపత్రాలు, విజిటింగ్ కార్డులు మా చేత అచ్చు వేయించుకునే ఖాతాదారులందరికీ నమస్కారం. ఇకమీదట మీరిచ్చే ఇంగ్లిష్ రాతప్రతిలో సంక్షిప్త పదానికీ బహువచనపు ఎస్‌కూ నడుమ అపాస్ట్రఫీ, అంటే (’) గుర్తు, ఉంటే, దాన్ని తీసివేసిన ప్రూఫునే మీకు పంపుతాము. ఇచ్చింది ఇచ్చినట్టు ఎందుకు వేయరని కొందరు అడిగారు కనుక కారణం చెప్పడం మా బాధ్యత.

సీడీ, పీడీఎఫ్, ఏటీఎం వంటివి ఒకటికి మించినప్పుడు పెద్ద అక్షరాలను ఆనుకొని చిన్న ఎస్ చేరిస్తే చాలు. 1990ల వంటి దశాబ్దాలకూ ఇదే పద్ధతి. అపాస్ట్రఫీ ముఖ్యంగా చేసే పనులు వేరు: ఒకటి సంబంధాన్ని తెలపడం, రెండవది విడిచిపెట్టిన అక్షరాల చోటు చూపడం. సీఈఓ అన్న మాట తర్వాత అపాస్ట్రఫీ, ఆపైన ఎస్ వేస్తే ఒక్క సీఈఓకు చెందినదని అర్థం; ఎస్ ముందు వచ్చి అపాస్ట్రఫీ వెనక వస్తే పలువురు సీఈఓలకు చెందినదని అర్థం. పలువురు కూడే సమావేశానికి వేసిన ఆహ్వానపత్రం ఒకరి సమావేశాన్ని ప్రకటిస్తే అచ్చు ఎంత అందంగా ఉన్నా ప్రయోజనం లేదు.

అపాస్ట్రఫీ కోరేవారంతా తెలియక కోరుతున్నారని నేను అనను. పాత ముద్రణలో, ముఖ్యంగా చుక్కలు పెట్టి రాసే సంక్షిప్త పదాలకు, అలా వేయడం పరిపాటిగా ఉండేది. అంతా పెద్ద అక్షరాలతో ఉండే బోర్డు మీద చివరి ఎస్ కూడా సంక్షిప్త పదంలో భాగమేననిపిస్తుందన్న సందేహం సరైనదే. అందుకే అక్కడ ఆ ఒక్క ఎస్‌ను చిన్నదిగానే ఉంచుతాము. జీపీఎస్ లాగా ఎస్‌తోనే ముగిసే పదాలకు మరో ఎస్ తగిలించడం కంటే ‘జీపీఎస్ పరికరాలు’ అనే అర్థం వచ్చేలా వాక్యం మార్చడం మేలని నా అభిప్రాయం.

ఒంటరి అక్షరాల విషయంలో మాత్రం అపాస్ట్రఫీని ఉంచుతాము. చిన్న ‘ఐ’ అక్షరానికి నేరుగా ఎస్ కలిపితే చదివేవారికి అది ‘ఈజ్’ అనే క్రియగా కనబడుతుంది.

మీ సంస్థ నమోదైన పేరులోనే అపాస్ట్రఫీ ఉంటే దాని జోలికి వెళ్లము. ఆ సంగతి రాతప్రతి ఇచ్చేటప్పుడే తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.