యానాం రిజిస్టరులో దొరికిన పేరు: సాయపడిన వారందరికీ కృతజ్ఞతలు

మా నాయనమ్మ తల్లిని ఇంట్లో అందరూ తాతమ్మ అనేవారు. ఆవిడ యానాంలో పుట్టిందనీ, గౌతమి దాటి ముమ్మిడివరం వైపు కోడలిగా వచ్చిందనీ మాకు తెలుసు. ఆవిడను కన్నతల్లి పేరేమిటో మాత్రం మా వంశంలో ఎవరూ చెప్పలేకపోయారు. ఈ ఏడు ఆ పేరు తెలిసింది. సాయం చేసినవారిలో సగం మంది ఒకరికొకరు తెలియనివారు కాబట్టి ఈ నాలుగు మాటలూ ఇక్కడే రాస్తున్నాను.

మొదటి దండం మా పెద్ద మేనత్త గారికి. "యానాం అమ్మమ్మకు ఒక అన్న ఉండేవాడట, ఓడెక్కి దీవులకు పోయి మళ్లీ రాలేదట" అని తాతమ్మ తల్లి గురించి మీరు ఎన్నోసార్లు చెప్పారు. మేమంతా కథ అనుకుని నవ్వాం. వెతకడం మొదలుపెట్టడానికి ఆ ఒక్క ముక్క తప్ప మా దగ్గర ఇంకేమీ లేదు. 1996 నవంబరు తుపానుకు మా పెంకుటిల్లు కూలినప్పుడు కాగితాల భోషాణం కూడా పోయింది.

మా ఊరి పాత భూమి రికార్డులు చూపించిన రెవెన్యూ ఉద్యోగికి కృతజ్ఞతలు. అంతకుముందు నేను వెళ్లిన ప్రతిచోటా "ఏ పొలం తగాదా అండీ?" అనే అడిగారు. తాతముత్తాతల పేర్లు ఆస్తి కోసం కాక ఇంకెందుకు కావాలన్నది వారి అనుమానం, అందులో తప్పు పట్టేదేమీ లేదు. ఈ అబ్బాయి మాత్రం ఏమీ అడగకుండా రెండు భాషల్లో రాసిన పాత భూమి లెక్క అయిన డైగ్లాట్ రిజిస్టరూ, మాన్యాల లెక్క అయిన ఇనాం ఫెయిర్ రిజిస్టరూ ముందు పెట్టి, పుటలు చిరిగిపోకుండా ఎలా తిప్పాలో కూడా చూపించాడు. మగవాళ్ల పేర్లు వరుసగా దొరికాయి. ఆడవాళ్లు కనిపించింది భర్త పోయి, మైనరు కొడుక్కి సంరక్షకురాలిగా నిలబడ్డ చోట మాత్రమే. తర్పణాల్లో చెప్పే పేర్ల వరుసలోనూ అమ్మమ్మ తల్లికి చోటు లేదు. మన కాగితమూ ఆమెను రాయలేదు, మన మంత్రమూ ఆమెను తలవలేదు.

ఆమె పేరు రాసింది ఫ్రెంచి గుమాస్తా. 1954 దాకా యానాం ఫ్రెంచివారి చేతిలో ఉంది కదా. వారి పద్ధతిలో పుట్టుక రాస్తే తండ్రితోపాటు తల్లి పేరూ రాయాల్సిందే. చావు రాసినా చనిపోయినవారి తల్లిదండ్రుల పేర్లు తెలిసినంతవరకు అడిగి రాస్తారు. పైగా వలస ప్రాంతాల పుట్టుక, పెళ్లి, చావుల రిజిస్టర్లకు అదనంగా ఒక ప్రతి తయారుచేసి ఫ్రాన్సుకు పంపాలని 1776లోనే అక్కడి రాజు శాసనం చేశాడు. ఆ ప్రతులు ఇప్పుడు ఎక్స్-ఆన్-ప్రోవాన్స్ పట్టణంలో, ఫ్రాన్సు విదేశీ ప్రాంతాల జాతీయ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. వాటి చిత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడవచ్చు. యానాంకు ఇవతలి ఒడ్డున ఎదుర్లంక రేవులో పంటు కోసం ఎదురుచూసే కాలంలో పెరిగిన నేను, అవతలి ఒడ్డు రిజిస్టరును ఫ్రాన్సు నుంచి తెప్పించుకుని వసారాలో కూర్చుని చదివాను.

చదివానంటే నేను కాదు, యానాం మాస్టారు గారు చదివారు. మాస్టారూ, ఆ గొలుసుకట్టు రాతలో నాకు కనిపించింది సిరా గీతలే. మన పేర్లు ఫ్రెంచి చెవికి ఎలా వినబడి ఉంటాయో ఊహించి, ఒక్కొక్క పేరూ పైకి పలికి చూసి, "ఇదిగో మీ తాతమ్మ" అన్నారు. ఆ పక్కనే తల్లి పేరు, ఆమె వయసు. కింద సాక్షి ఒకాయన శుభ్రంగా తెలుగులో చేవ్రాలు చేశాడు. ఆ తల్లి చావు నమోదు కూడా మీరే పట్టుకున్నారు. అందులో ఆమె తండ్రి పేరూ, పుట్టిన ఊరు తాళ్లరేవు అనీ ఉన్నాయి. ఇంత చేసి, ఫీజు మాటెత్తితే కోప్పడ్డారు. మీ కోపం మీదే, నా బాకీ నాదే.

మధ్యలో ఒక మాట. బాల్య వివాహాలను నిషేధించిన శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చాక, ఇవతల బ్రిటిషు వైపు చేస్తే శిక్ష పడే ఆ పెళ్లిళ్లు చేయడానికి మన గోదావరి జిల్లాల వాళ్లు యానాంలో పందిళ్లు వేసేవారు. మా నాయనమ్మ పెళ్లీ అలా జరిగిందే. ఆడపిల్ల తల్లి పేరు పదిలంగా నిలిపిన ఊరే, ఆడపిల్ల వయసు ఎవరూ అడగని ఊరు కూడా. ఆ రిజిస్టర్లను మెచ్చుకుంటూ ఈ సంగతి వదిలేయడం నాకు నచ్చలేదు.

ఇక మారిషస్ చెల్లెమ్మ, అంటే ఓడెక్కి దీవులకు పోయిన ఆ అన్న వంశమేమో అనిపించిన అక్కడి అమ్మాయి. 1834 నుంచి 1920 దాకా దాదాపు అయిదు లక్షల మంది కూలీలు మారిషస్ రేవు పోర్ట్ లూయిస్‌లో దిగారు. ఒక్కొక్కరికీ ఒక నంబరు వేశారు. ఆ రికార్డులు ఇప్పుడు అక్కడి మోకా అనే ఊళ్లోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. తన ముత్తాత తండ్రి నమోదు కాగితం ఆమె అక్కడి నుంచి తీయించి నాకు పంపింది. గోదావరి జిల్లా, తాళ్లరేవు, తండ్రి పేరు, ఎత్తు, ఒంటి మీద మచ్చలు అన్నీ ఉన్నాయి. 1860లలో ఫోటోలు తీయడం మొదలైనందువల్ల ఆయన ముఖం కూడా చూడగలిగాం. ఊరూ తండ్రి పేరూ మా కాగితంతో కలిశాయి. ఆ పేరు మన వైపు వీధికొకరికి ఉంటుంది కనుక బంధువులమేనని నేను ప్రమాణం చేయలేను. మేనత్త గారు ఫోటో చూసి, "మా నాన్న ముక్కే" అని తేల్చేశారు. చెల్లెమ్మ తమ ఇంట్లో ఇప్పటికీ సింహాద్రి అప్పన్న పూజ చేస్తామనీ, బడిలో తెలుగు నేర్చుకున్నాననీ తెలుగు లిపిలోనే ఉత్తరం రాసింది. "అక్కా" అని మొదలుపెట్టిన ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి నాకే మాటలు వెతుక్కోవలసి వచ్చింది.

ప్రతులు తీసిపెట్టిన జిరాక్సు షాపు కుర్రాడికీ, "పోయినవాళ్ల గొడవ నీకెందుకు" అంటూనే కారు ఇచ్చిన బాబాయికీ కృతజ్ఞతలు. వంశవృక్షం కొత్త ప్రతి మేనత్త గారింట్లో ఉంది. మన వాళ్లెవరైనా వచ్చి చూసుకోవచ్చు. అమ్మమ్మల పేర్లు తెలిసినవాళ్లు పెన్సిలుతో రాసి వెళ్లండి. సిరాతో రాయవద్దని ఆవిడ గట్టిగా చెప్పమన్నారు.