ఒరేయ్ శ్రీనూ, ఆ గోల గురించే

ఒరేయ్ శ్రీనూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "యాభై దగ్గర పడుతుంటే ఈ రాక్ పిచ్చేంట్రా నీకు, ఆ గోలలో ఏం వినపడుతుంది" అని పెద్ద క్లాసే పీకావు. వెనకాల చెల్లెమ్మ నవ్వు కూడా వినపడిందిలే. ఫోన్లో జవాబు చెప్పబోతే మధ్యలో దూరి మాట్లాడనివ్వవు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. కాఫీ తెచ్చుకుని తీరిగ్గా చదువు.

బ్యాండు పేరు ఫిష్. 1983లో వెర్మాంట్ యూనివర్సిటీ కుర్రాళ్లు మొదలుపెట్టారు. గిటార్ ట్రే అనస్టాసియో, బేస్ గిటార్ మైక్ గార్డన్, డ్రమ్స్ జాన్ ఫిష్‌మన్. 1985లో కీబోర్డుకి పేజ్ మెకానెల్ వచ్చాడు. ఇప్పటికీ ఆ నలుగురే. మధ్యలో 2004లో విడిపోయి, 2009లో మళ్లీ కలిశారు. రేడియోలో మోగిపోయిన హిట్ పాటంటూ ఏమీ లేదు. మా న్యూజెర్సీ ఎడిసన్‌లో మనవాళ్లు వందమందిని అడుగు, ఒక్కడికీ తెలియదు. అయినా డిసెంబర్ ఆఖర్లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్ హాల్లో వరసగా నాలుగు రాత్రులు వాయిస్తే టికెట్ దొరకదు. నాకు అంటించినవాడు ఆఫీసులో పక్క సీటువాడు. వాళ్లావిడకి జ్వరమొచ్చి టికెట్ మిగిలిపోయింది. ఊరికే వస్తే ఎందుకు వదలాలని వెళ్లాను. మాకు రైలెక్కితే పెన్ స్టేషన్, మెట్లెక్కితే నెత్తిమీదే గార్డెన్.

ఇప్పుడు నువ్వు గోలన్నదాని గురించి. మృదంగం మీద చెయ్యేసినవాడివి, నీకు ఇది అర్థం కాకపోతే ఇంకెవడికీ కాదు.

ఆ రోజు ఏ పాటో చెప్పినా నీకు తెలియదు, వదిలెయ్. చరణాలు అయిపోయాయి. ఇంక ముక్తాయించి దిగాలి. దిగలేదు. ట్రే గిటార్ మీద రెండే రెండు స్వరాలు పట్టుకుని అక్కడే ఊగుతున్నాడు. జనం కూడా పెద్దగా పట్టించుకోవడం లేదు, బీరుకి లేచేవాడు లేస్తున్నాడు. అప్పుడు మైక్ బేస్‌లో ఇందాకటి నుంచి పట్టుకున్న ఆధార స్వరాన్ని వదిలి ఒక మెట్టు కిందికి జారాడు. పైన గిటార్ స్వరాలు మారలేదు, అవే రెండు. కానీ పాట మొహమే మారిపోయింది. హుషారుగా గెంతుతున్నది కాస్తా దిగులుగా అయింది. ఏం జరిగిందో నీకు వెలిగిందిగా? గ్రహభేదంరా! స్వరాలు అవే, ఆధారం మారేసరికి రాగమే మారిపోవడం. ఎవరూ ప్రకటించకుండా, కళ్లతో సైగ కూడా లేకుండా. పేజ్ అది విని పియానో వదిలేసి పక్కకి తిరిగి ఆర్గన్ మీద ఒకటే స్వరం నొక్కి పట్టాడు. ఫిష్‌మన్ నడక మార్చలేదు, దెబ్బ బరువు తగ్గించాడంతే. బీరుకి లేచినవాడు అలాగే నిలబడిపోయాడు. ఆ తర్వాత పావుగంట వాళ్లు ఎక్కడెక్కడ తిరిగారో చెప్పలేను.

లైట్ల సంగతి కూడా చెప్పాలి. క్రిస్ కురోడా అని ఒకాయన ఏళ్ల తరబడి వాళ్ల లైట్లు చూస్తున్నాడు. వాళ్లు ఎటు పోతారో ఆయనకీ ముందు తెలియదు. ఆయనా అప్పటికప్పుడు వింటూ, దానికి తగ్గట్టు వేళ్లతో నడుపుతాడు. అభిమానులు ఆయన్ని అయిదో సభ్యుడంటారు. నాకైతే అతిశయోక్తి అనిపించలేదు.

ఇదంతా గాల్లోంచి రాలేదు. దీనికి వాళ్లు ఒక సాధన చేసేవాళ్లు. నలుగురూ కూర్చుంటారు. ఒకడు చిన్న ముక్క మొదలుపెట్టి అదే తిప్పుతాడు. మిగతావాళ్లు దానికి తగినది తలొకటి కలుపుతారు. మిగతా ముగ్గురి వాయింపూ చెవికి అంది, అంతా కుదిరిందనిపించగానే "హే" అనాలి. నలుగురూ అన్నాకే ఇంకొకడు తన ముక్క మార్చాలి. మళ్లీ మొదలు. అంటే వాయించడం కాదురా, వినడం మీద సాధన. మన పక్కవాద్యంలో గురువుగారు నిన్ను తిట్టినవన్నీ దేనికి? నోట్లో పాఠం పెట్టుకుని కూర్చున్నావని, గాయకుణ్ణి వినలేదనే కదా.

నిష్ఠూరంగా ఉన్నా ఒక మాటంటాను. ఈ మధ్య నువ్వు పంపిన కచేరీ వీడియోల్లో మనోధర్మం, అదే అప్పటికప్పుడు అల్లుకుని పాడడం, ఎక్కడుంది? గంటంబావు స్లాటు, అందులో నెరవుకి, ఒకే పంక్తిని తిప్పితిప్పి పాడడానికి, రెండు నిమిషాలు, కల్పనస్వరం చూస్తే ఇంట్లో రాసుకొచ్చినట్టు కొరవై, ముందే కట్టిన ముక్తాయింపు లెక్క. భద్రంగా ఉంటుంది, తప్పు పోదు. ఈ ఫిష్ వాళ్లకి తప్పు పోతుంది. పోయినా ఆగరు. 1997 నవంబర్లో వూస్టర్‌లో "రనవే జిమ్" అనే పాట దాదాపు గంటసేపు సాగింది. ఒకే పాట! రికార్డింగ్ వింటే అందులో ఓ పది నిమిషాలు నాకు బోరు కొట్టింది, నిజం చెబుతున్నా. కానీ ఆ పది నిమిషాలు లేకపోతే తర్వాతది పుట్టదు.

2017లో చేసిన పని విను. జూలై 21 నుంచి ఆగస్టు 6 లోపు అదే గార్డెన్‌లో పదమూడు కచేరీలు. ఒక్క పాట కూడా రెండోసారి వాయించలేదు. రోజుకో డోనట్ రుచి ఇతివృత్తం, ముందొచ్చినవాళ్లకి డోనట్లు ఉచితం. స్ట్రాబెర్రీ రోజు బీటిల్స్ "స్ట్రాబెర్రీ ఫీల్డ్స్"తో మొదలు. ఇదంతా పిల్లచేష్టలా ఉంటుంది, అవును. అసలు ఆ డ్రమ్మరు గుండ్రాల గుండ్రాల గౌను వేసుకుని కూర్చుంటాడు, అప్పుడప్పుడూ లేచి వచ్చి వాక్యూమ్ క్లీనర్ నోటి దగ్గర పెట్టుకుని వాయిస్తాడు. నువ్వు నవ్వుతావని తెలిసే ఇంతసేపూ చెప్పలేదు. సాహిత్యం సంగతి అసలు అడక్కు, సగం పాటలకి అర్థమే లేదు. కానీ ఆ వెటకారంలోంచే ఒక్కసారి మనిషిని కూర్చోబెట్టేస్తారు. ఆ జూలై 25న "లాన్ బాయ్" వాయించారు. మామూలుగా అది రెండు మూడు నిమిషాల పాట. పేజ్ చేతిలో మైకు పట్టుకుని, హోటల్లో పాడేవాడిలా వయ్యారంగా పాడి ముగిస్తాడు. ఆ రోజు ముగించలేదు. దాదాపు అరగంట. అప్పటికి నాకీ పిచ్చి పట్టలేదు, రికార్డింగే విన్నాను. ముగిసిందనుకుని చప్పట్లు కొట్టబోయినవాళ్లు ఏమైపోయారో అనుకుంటూ ఉంటాను.

ఇంకోటి చెప్పకుండా ఉండలేను. 1999 డిసెంబర్ 31న ఫ్లోరిడాలో సెమినోల్ తెగవాళ్ల భూముల్లో, అర్ధరాత్రి మొదలుపెట్టి సూర్యోదయం దాకా ఒకటే సెట్టు, మధ్యలో విరామం లేని ఒకే విడత. ఏడు గంటలు పైమాటే. అక్షరాలా జాగారం. ఆ రాత్రి టీవీవాళ్లు ఒక పాట ప్రసారం చేస్తుంటే, చప్పట్లకి బదులు "చీజ్‌కేక్" అని అరవమని ట్రే ముందే జనానికి చెప్పి పెట్టాడు. దేశమంతా చూస్తుంటే అంత పెద్ద మైదానమూ చీజ్‌కేక్ అని అరిచింది. వీళ్లూ వీళ్ల తిక్కా.

రికార్డింగులు ఎలా దొరుకుతాయని అడుగుతావు. ఈ దారి వేసింది వీళ్లకంటే ముందుతరం, గ్రేట్‌ఫుల్ డెడ్. 1965లో కాలిఫోర్నియాలో పుట్టిన బ్యాండు. కచేరీ రికార్డు చేసుకునేవాళ్లని తరమకుండా, 1984లో వాళ్లకి హాల్లో ప్రత్యేకంగా చోటు కేటాయించారు. షరతు ఒకటే, టేపులు ఇచ్చిపుచ్చుకోవచ్చు గానీ అమ్మకూడదు. అందుకే అభిమానులు పాట పేరు చెప్పి ఊరుకోరు, తేదీ, ఊరు చెబుతారు. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో జరిగిన కచేరీ టేపు చేతులు మారి మారి, చివరికి అమెరికా జాతీయ రికార్డింగుల జాబితాలోకే ఎక్కింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఆ బ్యాండు కచేరీలు వేలల్లో ఉన్నాయి, పైసా ఖర్చు లేదు.

నీకు పనికొచ్చే సంగతి ఇక్కడుంది. ఆ బ్యాండు డ్రమ్మర్లలో ఒకడైన మికీ హార్ట్ తబలా అల్లా రఖాగారి దగ్గర తాళం లెక్కలు నేర్చుకున్నాడు. వాళ్లకి "ది ఎలెవెన్" అని పదకొండు మాత్రల పాట ఉంది. చెయ్యి వేసుకుంటూ విను, సమం, అదే తాళం మొదటి దెబ్బ, ఎక్కడ పడుతోందో పట్టుకో చూద్దాం. తర్వాత అతను జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1991లో "ప్లానెట్ డ్రమ్" ఆల్బమ్ చేశాడు. అందులో ఘటం ఎవరనుకున్నావు? మన విక్కు వినాయకరామ్‌గారే! ప్రపంచ సంగీతానికి గ్రామీ ఇవ్వడం మొదలుపెట్టింది ఆ ఆల్బమ్‌తోనే. డెడ్ కచేరీల్లో రెండో సెట్టు మధ్యలో డ్రమ్మర్లిద్దరికీ విడిగా సమయం ఉండేది. అప్పుడు జనం టాయిలెట్లకి లైను కట్టేవాళ్లట. మన కచేరీల్లో తని, అదే మృదంగం ఒక్కటే వాయించే భాగం, మొదలవగానే క్యాంటీన్‌కి నడిచేవాళ్లని నువ్వు తిట్టుకుంటావుగా, వాళ్ల బాబాయిలు ఇక్కడా ఉన్నారు.

బాధలు లేవని కాదు. ముందు వరసవాడు మూడు గంటలూ నిలబడే ఉంటాడు, నువ్వు కూర్చుంటే వాడి వీపే కచేరీ. గంజాయి వాసన కోటుకి పట్టేసి ఇంటికొచ్చాక సంజాయిషీ చెప్పుకోవాలి. టికెట్ బ్లాకులో కొంటే ఇండియాకి సగం చార్జీ. మా ఆవిడని ఒకసారి తీసుకెళితే ఫోన్ తీసి మర్నాటి సరుకుల లిస్టు రాసుకుంది. "మొదటి పాట బాగుంది, అయిపోయాక కూడా వాయిస్తూనే ఉన్నారెందుకు?" అంది. నాకు కావలసింది ఆ అయిపోయిన తర్వాతదే అని ఆవిడకి చెప్పి ఏం లాభం.

నువ్వు మొదట ఆ "లాన్ బాయ్" విను, తేదీ పైన రాశానుగా. హెడ్‌ఫోన్స్‌తో, రాత్రి పిల్లలు పడుకున్నాక. మొదటిసారి బేస్ ఒక్కటే విను, మిగతావాటి జోలికి పోకు. బేస్ ఎక్కడ కదిలితే మిగతావాళ్లు ఎంతసేపటికి అందుకుంటున్నారో చూడు. నచ్చకపోతే మొహమాటపడకుండా తిట్టు, కానీ ఆఖరిదాకా విన్నాకే తిట్టాలి.

పెద్దమ్మ మోకాలి ఆపరేషన్ ఎప్పుడు పెట్టారు? కాకినాడలోనా, హైదరాబాద్ తీసుకెళ్తున్నారా? డబ్బు విషయం మొహమాటపడితే ఊరుకోను. మేం జూన్ రెండో వారంలో దిగుతున్నాం, మృదంగానికి మూత కొత్తది వేయించి ఉంచు.

నీ
మూర్తి