నూనె లెక్క చెంచాల్లో, పండు లెక్క కాయల్లో చెప్పండి

సంపాదకుడికి,

కిరాణా కొట్లో ఏ నూనె ప్యాకెట్ తిప్పి చూసినా వెనక 100 గ్రాముల పట్టిక ఉంటుంది: శక్తి 900 కిలో కాలరీలు (వాడుకలో కాలరీలు అనేది వీటినే), కొవ్వు 100 గ్రాములు, కొలెస్ట్రాల్ 0. బత్తాయికి అదే లెక్క కడితే 100 గ్రాముల తొనల్లో 40 కాలరీలకు అటూ ఇటూ, సి విటమిన్ 45 మిల్లీగ్రాముల దాకా, మిగిలిందంతా చాలావరకు నీరే. ఈ రెండు పట్టికలనూ పక్కపక్కన పెట్టి నూనె విషం, పండు అమృతం అని తేల్చేస్తున్నారు. అంకెలు నిజమే, పోలికే తప్పు. 100 గ్రాముల నూనె ఎవరూ ఒక్కసారి తాగరు, బత్తాయిని ఎవరూ చెంచాలతో కొలవరు.

వంటింటి కొలతకు రండి. 15 మిల్లీలీటర్ల పెద్ద చెంచాడు నూనె అంటే 120 కాలరీలు. తొక్క తీశాక 150 గ్రాములు తూగే బత్తాయిలో ఉండేది అందులో సగం. అయితే బత్తాయి తిన్నట్టు తెలుస్తుంది, పోపులో పోసిన నూనె తెలియదు. నలుగురున్న ఇంట్లో నెలకు 5 లీటర్లు వాడారనుకోండి. లీటరు ప్యాకెట్ బరువు దాదాపు 910 గ్రాములు. ఆ 4,550 గ్రాములను 30 రోజులకూ నలుగురికీ పంచితే మనిషికి రోజుకు 38 గ్రాములు. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో రోజుకు 2,000 కాలరీల భోజనానికి చెప్పింది నూనెలూ కొవ్వులూ కలిపి 27 గ్రాములు, పండ్లు 100 గ్రాములు. బయట తిన్న మిర్చి బజ్జీ, బిర్యానీ ఈ 38లో లేవు.

ఇక ముందువైపు పెద్దక్షరాల్లో వేసే ‘కొలెస్ట్రాల్ లేదు’ అన్న మాట. మొక్కల నుంచి తీసిన ఏ నూనెలోనూ అది లెక్కలోకి వచ్చేంత ఉండదు, కాబట్టి అది ఒక కంపెనీ గొప్ప కాదు. చూడాల్సింది రక్తంలో చెడు కొలెస్ట్రాల్‌ను పెంచే సంతృప్త కొవ్వు (శాచురేటెడ్ ఫ్యాట్) గడి. పొద్దుతిరుగుడు నూనెలో అది పదో వంతు, వేరుశనగ నూనెలో ఐదో వంతుకు కాస్త తక్కువ, పామాయిల్‌లో దాదాపు సగం.

అలాగని నూనె మానేయడమూ పొరపాటే. ఇ విటమిన్ నూనెలో ఉంటుంది, నీలి రంగు ప్లస్ ఎఫ్ గుర్తున్న ప్యాకెట్లలో ఎ, డి కూడా కలుపుతారు. సి విటమిన్ నీళ్లలో కరిగేది, అది నూనెలో దొరకదు. తోటకూర పప్పునే చూడండి. ఒంట్లో ఎ విటమిన్‌గా మారే ఆకులోని బీటా కెరోటిన్ ఒంటబట్టాలంటే పోపులో నూనె ఉండాలి, ఇనుము ఒంటబట్టాలంటే పైన నిమ్మరసం పిండాలి. ఒకటి చేసే పని రెండోది చేయదు. నిమ్మకాయ పులిహోరలో రసాన్ని బాణలిలో పోసి మరిగిస్తే సి విటమిన్ పోతుంది, చేదూ వస్తుంది. పోపు దించి, అన్నం ఆరాక పిండాలి. బత్తాయి జ్యూస్‌లో పిప్పి పారేస్తే పీచు పోయినట్టే, పైన రెండు చిన్న చెంచాల పంచదార మరో 40 కాలరీలు.

ఇవన్నీ జనానికి అందాలంటే రెండు పనులు జరగాలి. లేబుల్ వివరాలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటే చాలని నిబంధన, తెలుగు కంపెనీ ఇష్టం. తెలంగాణలో అమ్మే నూనె ప్యాకెట్ల మీద తెలుగులో, చదవగలిగే అక్షరాల్లో, పెద్ద చెంచా లెక్కన శక్తి, సంతృప్త కొవ్వు వేయించాలని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని గట్టిగా అడగాలి. తాజా పండ్లకు పోషకాల లేబుల్ అక్కర్లేదు కాబట్టి ఎర్రగడ్డ, మెహిదీపట్నం, కూకట్‌పల్లి రైతుబజార్లలో మార్కెటింగ్ శాఖ బోర్డులు పెట్టాలి. అంకెల కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. 528 ఆహార పదార్థాల పోషక విలువలతో 2017లో పట్టికలు వేసిన జాతీయ పోషకాహార సంస్థ తార్నాకలోనే ఉంది. ఒక బత్తాయి, ఒక కమలా, ఒక నిమ్మకాయ, ఒక చెంచాడు నూనె: ఈ నాలుగు వరుసలతో మొదలుపెట్టినా చాలు.

– ఒక పాఠకురాలు, హబ్సిగూడ, హైదరాబాద్